విడాకుల తీర్పు దాకా ఆగక్కర్లేదు: భద్రత, భరణం, బిడ్డల కేసులు హైదరాబాద్ కోర్టుల్లో ఎలా నడుస్తాయి

సంక్షిప్తంగా: పెళ్లి రద్దు కావడానికి ఏళ్లు పట్టవచ్చు. కొట్టకుండా ఆపే ఉత్తర్వు, తలదాచుకునే చోటు, నెలనెలా భరణం, బిడ్డను చూసే వీలు మాత్రం విడాకుల మీద ఆధారపడి లేవు. ఒక్కోదానికి ఒక్కో చట్టం, ఒక్కో కోర్టు, ఒక్కో గడువు ఉన్నాయి. ఇవన్నీ ఒకే మూట కట్టి విడాకుల కేసుకు తగిలించడం వల్ల ఎక్కువగా నష్టపోతున్నది ఆదాయం లేని భార్య, బడి వయసు పిల్లలు.

ఒక కాపురం, ఐదు ఫైళ్లు

కాపురం చెడినప్పుడు పెద్దల నోట మొదట వచ్చే మాట "విడాకులకు వేసేద్దాం". కోర్టులో అన్నిటికన్నా ఆఖరున తేలేది అదే. ఒక జంట మధ్య తగవు ముదిరితే సాధారణంగా ఐదు రకాల కేసులు నడుస్తాయి. విడాకులకో, కాపురానికి రమ్మనో వేసే ఓపీ, భరణం కోసం ఎంసీ, బిడ్డ కోసం జీడబ్ల్యూఓపీ. ఈ మూడూ కుటుంబ న్యాయస్థానంలో ఉంటాయి. గృహహింస చట్టం కింద వేసే డీవీసీ, పోలీసు కేసు నుంచి పుట్టే సీసీ మేజిస్ట్రేట్ కోర్టుల్లో ఉంటాయి. ఐదింటికీ వాయిదాలు వేరు, సాక్ష్యం కొలత వేరు, అప్పీలు దారి వేరు.

ఇన్ని ఎందుకు పుడతాయన్నది చట్టం అల్లికలోనే ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఒకరికి ఇష్టం లేని విడాకులు కావాలంటే రెండోవారి తప్పు రుజువు చేయాలి. క్రూరత్వం, రెండేళ్లు విడిచిపెట్టి ఉండటం, వివాహేతర సంబంధం వంటివి ఆ తప్పులు. "ఇక కలిసి బతకలేం" అన్నది ఈ జాబితాలో లేదు. ఆ కారణంతో పెళ్లి రద్దు చేసే అధికారం రాజ్యాంగం 142వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు మాత్రమే ఉందని రాజ్యాంగ ధర్మాసనం 2023 మే 1న తేల్చింది. పురానీ హవేలీలోని కుటుంబ న్యాయస్థానం ఆ పని చేయలేదు. కాబట్టి విడిపోవాలనుకున్నవారు పిటిషన్‌లో ఆరోపణలు పేర్చక తప్పదు. వాటికి కౌంటర్‌గా ఇంకో పిటిషన్ వస్తుంది. కొన్నాళ్లకు ప్రతి కేసూ బేరసారాల్లో పైచేయి కోసం వాడే పనిముట్టుగా మారుతుంది. మనుషుల కక్షకు దీనిలో పాత్ర ఉన్నా, తప్పు మోపితే తప్ప తలుపు తెరవని చట్టం పాత్ర అంతకన్నా పెద్దది.

ఏ కోర్టు, ఏ చిరునామా

మహానగరం ఒకటే అయినా న్యాయపరిధి ఒకటి కాదు. హైదరాబాద్ జిల్లా, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి మూడూ నగరంలో కలిసిపోయాయి. పాతబస్తీలో కాపురం ఉన్నవారి కేసు పురానీ హవేలీకి వెళ్తే, వనస్థలిపురంలో ఉన్నవారిది ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి కోర్టులకు వెళ్తుంది. ఇల్లు ఏ జిల్లా, ఏ మండలం, ఏ పోలీస్ స్టేషన్ కిందకు వస్తుందో చూసుకోకుండా వేసిన పిటిషన్ పరిధి లేదంటూ వాపసు వస్తుంది. నంబరు పడకముందే కొన్ని వారాలు పోతాయి.

ఓపీ వేయడానికి చట్టం ముఖ్యంగా నాలుగు చోట్లు చూపిస్తుంది. పెళ్లి జరిగిన ఊరు, ఎదుటివారు ఉంటున్న చోటు, ఇద్దరూ ఆఖరుగా కలిసి ఉన్న చోటు, భార్య పిటిషనర్ అయితే ఆమె ప్రస్తుతం ఉంటున్న చోటు. ఈ చివరిది 2003 సవరణతో వచ్చింది. డీవీసీకి వెసులుబాటు ఇంకా ఎక్కువ. ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న ఊళ్లో కూడా వేయవచ్చు. బిడ్డ కేసు మాత్రం బిడ్డ మామూలుగా ఉండే చోటే వేయాలి. అందుకే గొడవ కాగానే బిడ్డను తీసుకుని ఊరు మారితే, అసలు విషయం పక్కకు పోయి ఏ కోర్టు వినాలన్న వాదనతోనే నెలలు గడుస్తాయి.

భర్త హైదరాబాద్‌లో, భార్య నిజామాబాద్‌లో కేసులు వేస్తే అన్నిటినీ ఒకచోటికి తేవడానికి తెలంగాణ హైకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయాలి. భార్య గుంటూరులో ఉంటే దారి మారుతుంది. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకూ వేర్వేరు హైకోర్టులు ఉన్నాయి కాబట్టి కేసు మార్పు కోసం సుప్రీంకోర్టుకే వెళ్లాలి. ఇటు అమ్మాయి, అటు అబ్బాయి అన్న సంబంధాల్లో చాలామందికి ఇది కేసు మధ్యలోకి వచ్చాకే తెలుస్తోంది.

హింస ఉన్నచోట: డీవీసీ, పోలీసు కేసు

ఎక్కువ గందరగోళం ఇక్కడే. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని లక్ష్యం శిక్ష కాదు, రక్షణ. కొట్టడమే కాదు, తిట్టి అవమానించడం, బలవంతపు శారీరక సంబంధం, జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చులకు డబ్బు ఆపేయడం కూడా ఆ చట్టంలో హింసే. భార్య మాత్రమే కాదు. తల్లి, చెల్లెలు, పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న మహిళ కూడా ఈ చట్టం కింద వెళ్లవచ్చు.

మరోవైపు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో 498ఏ. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు పాత సెక్షనే వర్తిస్తుంది. మూడేళ్ల దాకా జైలు పడే, బెయిలు హక్కుగా దొరకని నేరం ఇది. దీనిలో సందేహానికి తావు లేని రుజువు కావాలి. డీవీసీకి అంత కొలత అవసరం లేదు. ఈ తేడా తెలిస్తే ఒక నిర్ణయం తేలికవుతుంది. ఇల్లు, డబ్బు, రక్షణ తక్షణం కావాలంటే డీవీసీ. జరిగిన నేరానికి శిక్ష పడాలంటే 85. రెండూ వేయవచ్చు. పోలీసు కేసు ఒక్కటే వేసి, దానితో ఇల్లూ భరణమూ వస్తాయనుకుంటే మాత్రం నిరాశే మిగులుతుంది. ఆ కోర్టుకు అవి ఇచ్చే పని లేదు.

డీవీసీ నడిచే తీరు ఇది. మహిళా శిశు సంక్షేమ శాఖ కింద రక్షణాధికారి ఉంటారు. ఆమె చెప్పింది విని గృహహింస ఘటన నివేదిక తయారు చేస్తారు. ఆ నివేదిక లేకపోయినా మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది కాబట్టి నేరుగా వకీలు ద్వారా కూడా వేయవచ్చు. దరఖాస్తు అందిన మూడు రోజుల్లోపు మొదటి వాయిదా ఉండాలని, తొలి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. ఆచరణలో గడువు తప్పడానికి ముఖ్య కారణం నోటీసు అందకపోవడం. అద్దె ఇల్లు మారిన భర్త పాత చిరునామా మీద నోటీసు మూడు సార్లు తిరిగి వస్తే నాలుగు నెలలు పోయినట్టే. ఆఫీసు చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్, అత్తింటి ఊరి చిరునామా అన్నీ మొదటి పిటిషన్‌లోనే ఇస్తే ఈ ఆలస్యం బాగా తగ్గుతుంది. ప్రమాదం కళ్లముందు ఉంటే 23వ సెక్షన్ కింద మధ్యంతర దరఖాస్తు వేయాలి. ఎదుటివారు రాకముందే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఇచ్చే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది.

డీవీసీలో భర్త, అత్తమామలు ప్రతి వాయిదాకూ స్వయంగా హాజరు కావాలని పట్టుబట్టనక్కర్లేదని హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు 2015లోనే చెప్పింది. నోటీసు రాగానే అరెస్టు చేస్తారేమోనని పరారయ్యేవారు తమ కేసు తామే పాడుచేసుకుంటున్నారు. శిక్ష పడేది రక్షణ ఉత్తర్వు వచ్చాక దాన్ని ఉల్లంఘిస్తే. అప్పుడు ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇల్లు అత్తమామల పేరు మీద ఉంటే కోడలికి హక్కు లేదన్న మాట ఇప్పటికీ వినిపిస్తోంది. 2006 డిసెంబరు నాటి తీర్పు ఆ అర్థంలోనే ఉండేది. సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో దాన్ని కొట్టేసింది. కాపురం చేసిన ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా నివాసం కోరవచ్చంది. అయితే అది ఉండే హక్కే, వాటా కాదు. కోర్టు అదే ఇంట్లో గది ఇప్పించవచ్చు, లేదా భర్త చేత వేరే అద్దె ఇల్లు ఇప్పించవచ్చు. వృద్ధ తల్లిదండ్రుల చట్టం కింద ఆర్డీఓ దగ్గరకు వెళ్లి కోడలిని ఖాళీ చేయించే ప్రయత్నాలూ జరుగుతుంటాయి. ఆ చట్టాన్ని అడ్డుపెట్టి గృహహింస చట్టం ఇచ్చిన నివాస హక్కును తోసిపుచ్చలేరని 2020 డిసెంబరులో మరో తీర్పు వచ్చింది. అలాగని వృద్ధుల ప్రశాంతతను కోర్టులు పక్కన పెట్టవు. ఇద్దరికీ సరిపడే మార్గం వెతుకుతాయి.

పోలీసు ఫిర్యాదు రాసే తీరులోనే సగం కేసు ఉంటుంది. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసును సుప్రీంకోర్టు కొట్టేస్తూ, ఎవరు ఎప్పుడు ఏం చేశారో చెప్పకుండా కుటుంబం మొత్తాన్నీ ఇరికించే ధోరణిని తప్పుబట్టింది. "అత్తమామలు, ఆడపడుచులు అందరూ కలిసి వేధించారు" అన్న ఒక్క వాక్యం మీద దూరపు ఊళ్లో ఉండే ఆడపడుచు పేరు పెడితే, ఆమె హైకోర్టుకు వెళ్తుంది. ఆ బలహీనత నీడ నిజంగా కొట్టినవాడి మీది కేసు మీదా పడుతుంది. తేదీ, చోటు, మాట, దెబ్బ, చూసినవారు అన్నవి ఒక్కో మనిషికీ విడివిడిగా రాయాలి. దెబ్బలు తగిలితే అదే రోజు గాంధీలోనో ఉస్మానియాలోనో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నమోదు చేయించాలి. నెల తర్వాత తెచ్చిన ప్రైవేటు క్లినిక్ చీటీకి ఆ బలం ఉండదు. ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన అరెస్టు జరగదు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో ముందు హాజరు నోటీసు ఇవ్వాలన్న 2014 నాటి తీర్పు ప్రకారం పోలీసులు నడుచుకుంటారు. మహిళా పోలీస్ స్టేషన్లలో ముందు కౌన్సెలింగ్‌కు పిలవడం కూడా మామూలే. కౌన్సెలింగ్ జరుగుతున్నంత మాత్రాన డీవీసీ వేయకూడదన్న నియమం ఎక్కడా లేదు.

ప్రాణభయం ఉంటే 112. సలహా, ఆశ్రయం కోసం మహిళా హెల్ప్‌లైన్ 181, సఖి కేంద్రాలు, పోలీసు శాఖ నడిపే భరోసా కేంద్రాలు ఉన్నాయి. వకీలును పెట్టుకోలేని మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. దాని ఫోన్ నంబరు 15100.

భరణం: 25 శాతం అన్నది నియమం కాదు

భార్యకు భర్త జీతంలో పాతిక శాతం వస్తుందని చాలామంది లెక్కలు వేసుకుంటారు. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు నికర జీతంలో 25 శాతం సమంజసమంది, అంతే. చట్టంలో ఏ శాతమూ లేదు. ఇద్దరి ఆదాయం, పిల్లల ఖర్చు, అలవాటైన జీవన స్థాయి, అద్దె, భర్త మీద ఆధారపడిన ముసలి తల్లిదండ్రులు అన్నీ చూస్తారు.

2020 నవంబరు 4న వచ్చిన రజనీష్ వర్సెస్ నేహా తీర్పు ఆట నియమాలు మార్చింది. భరణం ఏ చట్టం కింద అడిగినా ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ వేయాలి. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలి. ఒక చట్టం కింద వస్తున్న మొత్తాన్ని రెండో కేసులో తగ్గించి చూడాలి. ఉదాహరణకు డీవీసీలో నెలకు 15,000 రూపాయలు ఇస్తున్న భర్తకు ఎంసీలో 20,000 పడితే, సర్దుబాటు ప్రకారం కట్టాల్సింది మొత్తం 20,000, 35,000 కాదు. దీనికి మొదటి ఉత్తర్వు సంగతి రెండో కోర్టుకు చెప్పి ఉండాలి. దాచినట్టు తేలితే కోర్టు ముందు మాట విలువ పోతుంది.

ఈ అఫిడవిట్ దగ్గరే కేసులు గెలవడం, ఓడటం ఉంటుంది. ఐటీ ఉద్యోగి చేతికొచ్చే జీతం 90,000 అని పే స్లిప్ చూపించి, ఏటా వచ్చే బోనస్, కంపెనీ షేర్లు రాయకపోవచ్చు. ఫారం 16తో పోల్చితే తేడా బయటపడుతుంది. పన్ను, తప్పనిసరి పీఎఫ్ తీసివేతలను కోర్టు ఒప్పుకుంటుంది. గొడవ మొదలయ్యాక కొత్తగా తీసుకున్న కారు లోన్ ఈఎంఐని, స్వచ్ఛందంగా పెంచుకున్న పీఎఫ్‌ను చూపి ఆదాయం తగ్గిందంటే సాధారణంగా ఒప్పుకోదు. వ్యాపారం, సేద్యం ఉన్న ఇళ్లలో చిక్కు ఇంకా ఎక్కువ. అక్కడ పట్టాదారు పాస్‌పుస్తకం నకలు, రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), జీఎస్టీ రిటర్నులు ఆదాయాన్ని పట్టిస్తాయి. భార్య కూడా తన ఉద్యోగం, డిపాజిట్లు దాచకూడదు. డిగ్రీ ఉన్నంత మాత్రాన భరణం పోదు, సంపాదిస్తూ, సంపాదన లేదని రాస్తే మాత్రం కేసు చెడుతుంది.

భరణానికి సంబంధించిన పాత సీఆర్పీసీ 125వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. మధ్యంతర భరణం దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని అందులో ఉంది. ఉత్తర్వు వచ్చినా కట్టకపోతే వారెంటు, బకాయి పడ్డ ఒక్కో నెలకు నెల దాకా జైలు. జైలుకు వెళ్లొచ్చినా బాకీ తీరదు. బకాయి వసూలు దరఖాస్తుకు ఏడాది గడువు ఉంది, ఇది చాలామంది మరచిపోయే విషయం. రెండేళ్లు ఓపిక పట్టి ఒకేసారి అడిగితే మొదటి ఏడాది బకాయికి ఈ వారెంటు దారి మూసుకుపోవచ్చు. ఉద్యోగి అయితే జీతం నుంచే కోసి నేరుగా ఆమెకు జమ చేయమని యాజమాన్యాన్ని ఆదేశించే వీలు గృహహింస చట్టం 20వ సెక్షన్‌లో ఉంది. ప్రతి నెలా కోర్టుకు తిరిగే బాధ దీనితో తప్పుతుంది. అడగనిదే కోర్టు ఇవ్వదు కనుక ప్రార్థనలో రాయాలి.

పెళ్లిలో పెట్టిన బంగారం వేరే లెక్క. స్త్రీధనం పూర్తిగా ఆమెదే. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, కూతురి నగల కోసం ఆమె అనుమతి లేకుండా తండ్రి కేసు వేయలేడని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. నగల జాబితా, కొన్న బిల్లులు, పెళ్లి ఫొటోల్లో అవి కనిపించే తీరు, లాకరు ఎవరి పేరున ఉందన్నది రుజువుకు పనికొస్తాయి. "నలభై తులాలు పెట్టాం" అన్న నోటి మాట ఒక్కటే ఉంటే రాజీలో కూడా విలువ ఉండదు.

బిడ్డ ఎవరి దగ్గర

ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని 1956 చట్టం 6వ సెక్షన్ అంటుంది. దీన్ని ఐదేళ్లు దాటగానే తండ్రికి వెళ్తుందని తిప్పి చదివేవారున్నారు. అది తప్పు. అదే చట్టం 13వ సెక్షన్ బిడ్డ క్షేమాన్నే అన్నిటికన్నా పైన పెట్టింది. తల్లి సంపాదన తక్కువన్న కారణంతో బిడ్డను ఇవ్వనక్కర్లేదు. ఆ లోటు తీర్చడానికే భరణం ఉంది.

కోర్టు చూసేది రోజువారీ జీవితం. ఏ బడి, ఫీజు రసీదులు ఎవరి పేరున, పేరెంట్స్ మీటింగ్‌కు ఎవరు వెళ్తున్నారు, జ్వరం వస్తే ఎవరు సెలవు పెడుతున్నారు, అమ్మమ్మో నానమ్మో ఇంట్లో ఉన్నారా. తన ఇష్టం తాను చెప్పగల వయసు బిడ్డ అయితే జడ్జి ఛాంబర్‌లో విడిగా మాట్లాడతారు. నేర్పిన మాటలు అక్కడ తేలిగ్గా బయటపడతాయి. అలా నేర్పడం నేర్పినవారికే ఎదురు తిరుగుతుంది.

నిజంగా కేసులు చిక్కుపడేది కస్టడీ దగ్గర కాదు, విజిటేషన్ (బిడ్డను చూసే వీలు) ఉత్తర్వు మాటల్లో. "తండ్రి నెలకు రెండుసార్లు బిడ్డను చూడవచ్చు" అని రాసిన ఉత్తర్వు అమలుకు నిలవదు. ఏ రోజు, ఎక్కడ, ఎవరు తీసుకురావాలి, పరీక్షలు వస్తే ఏం చేయాలి అన్న ప్రతి ప్రశ్నా కొత్త ఐఏ (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) అవుతుంది. దానికి బదులు ఇలా ఉంటే నిలుస్తుంది: "ప్రతి నెలా మొదటి, మూడో శనివారం ఉదయం 10 గంటలకు తండ్రి తల్లి ఇంటి గేటు దగ్గర బిడ్డను తీసుకుని, ఆదివారం సాయంత్రం 5 గంటలకు అక్కడే అప్పగించాలి. దసరా, సంక్రాంతి సెలవుల్లో మొదటి సగం ఒకరి దగ్గర, రెండో సగం మరొకరి దగ్గర, మరుసటి ఏడాది అటుదిటు. వేసవి సెలవుల్లో 15 రోజులు తండ్రి దగ్గర. బుధ, శుక్రవారాలు రాత్రి 7.30కు వీడియో కాల్. బిడ్డకు ఒంట్లో బాగోకపోతే ముందు రోజే మెసేజ్, బదులుగా తర్వాతి వారం. కోర్టు అనుమతి లేకుండా దేశం దాటించకూడదు." బిడ్డను చూడటానికి వెళ్లలేని తల్లికో తండ్రికో వీడియో కాల్ హక్కు ఉండాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది కాబట్టి దాన్ని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

హింస చరిత్ర ఉన్నచోట లెక్క మారుతుంది. గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద డీవీసీలోనే తాత్కాలిక కస్టడీ ఇస్తారు. కలిస్తే బిడ్డకు హాని అనిపిస్తే విజిటేషన్‌నే నిరాకరించవచ్చు. మధ్యేమార్గంగా కోర్టు ఆవరణలో, ఇంకొకరి సమక్షంలో చూపించమంటారు. అది కొద్ది నెలలకు మాత్రమే సరిపడే ఏర్పాటు. కోర్టు వరండాలో నాన్నను కలిసే బిడ్డకు ఆ చోటే భయంగా మారుతుంది. పరిస్థితి కుదుటపడ్డాక వేరే చోటికి మార్చమని అడగడం ఇద్దరి బాధ్యత. భరణం కట్టలేదని బిడ్డను చూపించకపోవడం, బిడ్డను చూపించలేదని భరణం ఆపడం రెండూ చెల్లవు. రెండూ వేర్వేరు ఉత్తర్వులు. ఇందులో ఒకదానికి మరొకటి బదులు కాదు, బిడ్డ అసలే కాదు.

విడాకులు: ఒప్పుకుని, ఒప్పుకోక

ఇద్దరూ ఒప్పుకుంటే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్. కనీసం ఏడాది విడిగా ఉండాలి, ఉమ్మడి పిటిషన్ వేయాలి, ఆరు నెలల తర్వాత 18 నెలల లోపు రెండోసారి వచ్చి అదే మాట చెప్పాలి. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని 2017లో తేలింది. పిటిషన్‌కు ముందే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, డబ్బు, బిడ్డ సంగతులు పూర్తిగా తేలితే మాఫీ అడగవచ్చు.

ఎక్కువ ఒప్పందాలు చెడేది డబ్బు చేతులు మారే వరసలో. మొత్తం ముందే ఇచ్చేస్తే ఆమె రెండోసారి సంతకానికి రాకపోవచ్చు. మొత్తం ఆఖరుకు ఉంచితే ఆమె పోలీసు కేసు ఉపసంహరించుకున్నాక అతను మాట తప్పవచ్చు. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి మూడు విడతలుగా డీడీలు, రెండోది రెండో వాంగ్మూలం రోజున కోర్టులోనే, మూడోది క్రిమినల్ కేసు కొట్టేసిన రోజున అని రాసుకుంటే ఇద్దరికీ భద్రం. 85వ సెక్షన్ కొత్త నాగరిక్ సురక్షా సంహితలోని, రాజీ చేసుకోదగ్గ నేరాల పట్టికలో లేదు. హైకోర్టులో అదే సంహిత 528వ సెక్షన్ కింద పిటిషన్ వేసి కొట్టేయించుకోవాలి. ఆ ఖర్చు ఎవరిదో కూడా ఒప్పందంలో ఉండాలి. బిడ్డ భరణం హక్కును తల్లి రాజీలో వదులుకున్నట్టు రాసుకునే వాక్యం మీద ఆధారపడకూడదు. ఆ హక్కు బిడ్డది.

ఒకరు ఒప్పుకోకపోతే పెళ్లయిన ఏడాదిలోపు విడాకుల పిటిషనే వేయకూడదు, అసాధారణ కష్టం ఉంటే తప్ప. నోటీసు, కౌన్సెలింగ్, కౌంటర్, చీఫ్ అఫిడవిట్ (రాతలో ఇచ్చే సాక్ష్యం), క్రాస్ ఎగ్జామినేషన్, వాదనలు అన్న వరసలో కేసు ఎక్కువగా ఆగేది క్రాస్ దగ్గర. కాపురానికి రమ్మని హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద వేసే పిటిషన్ ఒక ఎత్తుగడగా కూడా నడుస్తుంది. డిక్రీ వచ్చిన ఏడాదికీ కాపురం మొదలు కాకపోతే అదే విడాకులకు కారణం అవుతుంది. ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని 1983లో, నటి సరిత కేసులో, హైదరాబాద్‌లోని హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి చెప్పారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. అయితే ఆ డిక్రీని పాటించకపోయినా సరైన కారణం ఉంటే భార్యకు భరణం దక్కుతుందని 2025 జనవరిలో మళ్లీ స్పష్టమైంది. "కాపురానికి రాలేదు కాబట్టి భరణం లేదు" అన్న వాదన ఇక అంత తేలిగ్గా నిలవదు.

వాట్సాప్ చాట్లు, రికార్డింగులు ఇప్పుడు ప్రతి కేసులోనూ ఉంటాయి. రహస్యంగా చేసిన రికార్డింగ్ కూడా భార్యాభర్తల వ్యాజ్యంలో సాక్ష్యంగా చెల్లుతుందని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. స్క్రీన్‌షాట్ ప్రింట్లు మాత్రమే దాఖలు చేస్తే సరిపోదు. కొత్త భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, అసలు ఫోన్ అమ్మేయకుండా ఉంచాలి.

ముస్లిం కుటుంబాలకు రెండు తీర్పులు

రెండూ తెలంగాణ నుంచి వచ్చినవే. విడాకులైన ముస్లిం మహిళ కూడా 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని సుప్రీంకోర్టు 2024 జులై 10న చెప్పింది. ఆ కేసులో కుటుంబ న్యాయస్థానం నెలకు 20,000 మధ్యంతర భరణం వేస్తే హైకోర్టు 10,000కు తగ్గించింది. భర్త ఆ మొత్తాన్నీ కాదంటూ వెళ్లి ఓడిపోయాడు. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా (భార్య కోరే విడాకులు) మీద ఇచ్చిన తీర్పు ఆచరణలో ఇంకా పెద్దది. ఖులా కోరే భార్యకు భర్త అంగీకారం అక్కర్లేదు, ముఫ్తీ ఖులానామా ఇస్తేనే చెల్లుతుందన్న షరతూ లేదు. మెహర్ (పెళ్లి సందర్భంగా భర్త భార్యకు ఇచ్చే సొమ్ము) తిరిగివ్వడం మీద మాట్లాడుకోవచ్చు, ఆ పేరుతో ఖులానే ఆపడం కుదరదు. ఖులా కోరిక నిజమేనా, రాజీ ప్రయత్నం జరిగిందా, మెహర్ సంగతేమిటి అని కుటుంబ న్యాయస్థానం క్లుప్తంగా విచారించి ముద్ర వేస్తుంది. ఏళ్ల తరబడి కాగితం కోసం తిరిగే మహిళలకు ఇది నేరుగా పనికొచ్చే మాట.

అమెరికా డిక్రీ

తిరుపతిలో పెళ్లాడిన ఒక జంటకు అమెరికాలోని మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు 1991లో తేల్చింది. తెలుగు ఎన్నారై కేసులన్నిటికీ ఇప్పటికీ అదే కొలబద్ద. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, ఎదుటివారు మనస్ఫూర్తిగా ఆ కోర్టుకు లోబడకుండా వచ్చిన డిక్రీకి ఇక్కడ విలువ లేదు. ఇద్దరూ ఒప్పుకుని తీసుకున్నదైతే చిక్కు తక్కువ. అక్కడి నుంచి సమన్లు వస్తే పక్కన పడేయడమూ, ఆలోచించకుండా హాజరై వాదించడమూ రెండూ ప్రమాదమే. పరిధి లేదన్న అభ్యంతరం ముందుగా రాతపూర్వకంగా నమోదు కావాలి. బిడ్డలను ఇక్కడికి తెచ్చేసిన కేసుల్లో ఇంకో చిక్కు ఉంది. అంతర్జాతీయ బాలల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. కాబట్టి బిడ్డను తిరిగి పంపడం యాంత్రికంగా జరగదు. హైకోర్టు హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే) పిటిషన్‌లో బిడ్డ క్షేమం చూసి నిర్ణయిస్తుంది.

డిక్రీ చేతికొచ్చాక

కోర్టు హాల్లో తీర్పు చదవడంతో పని అయిపోదు. వెంటనే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాలి. అప్పీలు గడువు కుటుంబ న్యాయస్థానాల చట్టంలో 30 రోజులు, హిందూ వివాహ చట్టంలో 90 రోజులు. మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకునేవారు పెద్ద గడువు దాటేదాకా ఆగడం క్షేమం. పరస్పర అంగీకార డిక్రీ మీద మామూలు అప్పీలు ఉండదు. పీఎఫ్, బీమా, బ్యాంకు డిపాజిట్లలో నామినీ మార్చడం చాలామంది వదిలేస్తారు. ఏళ్ల తర్వాత మరణం సంభవిస్తే రెండు కుటుంబాలు మళ్లీ కోర్టుకెక్కేది అక్కడే. బిడ్డ పైతరగతికి వెళ్లి ఫీజు పెరిగితే, తండ్రి ఉద్యోగం పోతే, తల్లి ఊరు మారితే భరణం, కస్టడీ ఉత్తర్వులు రెండూ మార్చుకోవచ్చు. నాగరిక్ సురక్షా సంహిత 146వ సెక్షన్ కింద భరణం సవరణకూ, హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద బిడ్డ ఏర్పాట్ల మార్పుకూ డిక్రీ వచ్చిన తర్వాత కూడా పిటిషన్ వేసే వీలుంది.